తాడు పట్టిన చెయ్యి

నేను జీవితంలో ఎవరినీ కొట్టలేదు. చిన్నప్పుడు మా తమ్ముణ్ణి ఒక్కసారి కొట్టాను, దానికి వాడు ఇప్పటికీ నన్ను దెప్పుతాడు, కాబట్టి ఒక్కసారి అని రాయడమే న్యాయం. అయినా బాక్సింగులో ఓవర్‌హ్యాండ్ అనే దెబ్బ గురించి నాకు తెలిసినంతగా తెలిసినవాళ్ళు మా వైపు తక్కువ. కొట్టిన చేతిని చూసి నేర్చుకున్న విద్య కాదు ఇది. దెబ్బ తిన్న మొహాలు చూసి నేర్చుకున్నాను.

1959 జూన్‌లో గూడూరు దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. ఆసుపత్రి ప్రహరీ అవతల హైస్కూలు. ఆ స్కూలు డ్రిల్లు మాస్టారు సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. సాయంత్రం అయిదున్నరకి స్కూలు వెనక ఇసుకలో నాలుగు సరుగుడు గుంజలు పాతి, తాళ్ళు కట్టి, చుట్టుపక్కల యువకులకి బాక్సింగు నేర్పేవారు. వారానికి నాలుగైదు ముక్కులు పగిలి మా దగ్గరికి వచ్చేవి. చివరికి ఆయనే మా డాక్టరమ్మ దగ్గరికి వచ్చి, "ఒక నర్సును అక్కడికే పంపించండమ్మా, మోసుకొచ్చేది తప్పుద్ది" అని అడిగారు. డాక్టరమ్మ నన్ను పంపింది. నన్నే ఎందుకని అడిగితే, "నువ్వు రక్తం చూసి మొహం తిప్పుకోవు. రాసింది కొట్టెయ్యవు" అంది.

అలా నా రిజిస్టరు మొదలైంది. తేదీ, మనిషి, ఏ వైపు, ఏ చోటు, ఎన్ని అంగుళాలు, ఏం మందు. ఆరు గడులు. గెలుపోటములకి గడి లేదు. అది నా పని కాదు.

ఈ దెబ్బ గురించి తెలియనివారికి ఒక్క మాట. ఎదుటివాడు రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఉంటాడు. సూటిగా కొడితే చేతులకి తగులుతుంది. పక్కనుంచి కొడితే మోచేతికి తగులుతుంది. గోడ అవతల చెట్టు కాయ కోసేవాడిలాగా వెనకనున్న చెయ్యి పైకెత్తి, ఆ అడ్డం మీదుగా అవతలికి దించేదే ఓవర్‌హ్యాండ్. ఒళ్ళు బరువంతా ముందు కాలి మీదికి వస్తుంది. తల పక్కకి తప్పుకుంటుంది. గురి తప్పితే కొట్టినవాడే బోర్లా పడతాడు. అలా పడ్డవాళ్ళ మోకాళ్ళకి కూడా నేనే అయొడిన్ రాశాను.

ఏడాది తిరిగేసరికి గాయం చూసి కొట్టినవాడు ఏ వైపువాడో చెప్పగలిగేదాన్ని. రైల్వే కాలనీ నుంచి వచ్చేవాళ్ళు నిటారుగా నిలబడి సూటిగా కొట్టేవాళ్ళు. వాళ్ళ గుర్తులు ముక్కు, పై పెదవి. ఓవర్‌హ్యాండ్ వాళ్ళ దృష్టిలో మర్యాదస్తులు కొట్టే దెబ్బ కాదు. మద్రాసు రేవు వైపువాళ్ళు చూపు ఎదుటివాడి పొట్ట మీద పెట్టి, ఎడమ భుజం కిందికి దించేవాళ్ళు. పాపం అవతలివాడు పొట్ట కాచుకోవడానికి చేతులు దించగానే కుడి చెయ్యి పైనుంచి కణత మీద పడేది. మా మాస్టారిది బెంగుళూరులో నేర్చిన సైన్యం పద్ధతి. మోచెయ్యి పెద్దగా చాపకుండా, ఎదుటివాడు ఎడమ చెయ్యి విసిరిన క్షణంలోనే దాని మీదుగా పొట్టిగా ఒక దెబ్బ. గుర్తు చెంప ఎముక మీద.

ఇక సరస్సు ఒడ్డు నుంచి ఒక్కడే వచ్చేవాడు. పులికాటు పక్క పల్లె. అతనికి ఇరవై ఏళ్ళు. వాళ్ళ నాన్న పోయి రెండేళ్ళు. సరస్సు సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసి, ఆ సంవత్సరాల్లో చేపలు బాగా తగ్గిపోయాయి. ఇంట్లో అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు. మద్రాసు రేవులో ఒక వర్క్‌షాపువాళ్ళు బాక్సింగు జట్టు పెట్టుకుని, బాగా ఆడేవాళ్ళని పనిలోకి తీసుకుంటున్నారని విని, చిల్లకూరు దాకా నడిచి అక్కణ్ణుంచి బస్సెక్కి వారానికి మూడు రోజులు వచ్చేవాడు. అతని ఓవర్‌హ్యాండ్ ఎవరూ నేర్పింది కాదు. చెయ్యి తుంటి వెనకనుంచి బయలుదేరేది, నడుం తిరిగేది, ఆకాశంలో ఒక చుట్టు చుట్టి వచ్చి పడేది. చూడ్డానికి చాలా బాగుండేది. అతని గుర్తు మాత్రం ఒక్కటే చోట. ఎడమ చెవి.

నేను రాసుకున్నాను. 1961 ఏప్రిల్‌లో ఒక ఎడమ చెవి, జూన్‌లో ఒకటి. రెండింటికీ చెంప మీద సన్నటి గీత. గ్లవు లోపలి వైపు, అరచేతి దగ్గర, కుట్టు ఉంటుంది. పిడికిలి వైపు నున్నగా ఉంటుంది. గీత పడిందంటే తగిలింది అరచెయ్యి. తెరిచిన చేత్తో కొట్టడం బాక్సింగులో తప్పు. అదంతా నా పుస్తకంలో ఉంది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

ఆగస్టు రెండో శనివారం గూడూరులో పోటీ. వర్క్‌షాపు పెద్దమనిషి ముందు వరసలో కూర్చున్నారు. మనవాడికి ఎదురు మద్రాసు రేవు కుర్రవాడు. రెండో రౌండులో మనవాడి చెయ్యి ఆకాశంలో చుట్టు చుట్టి పడింది. అవతలివాడు చెవి పట్టుకుని కూలబడ్డాడు. జనం తువాళ్ళు ఎగరేశారు. నేను టార్చిలైటు, చెవిలోకి చూసే గరాటు తీసుకుని వెళ్ళి చూశాను. కర్ణభేరికి చిల్లి. చెంప మీద గీత.

జడ్జి వంగి అడిగారు. "ఎట్లా తగిలింది సిస్టర్?"

"అరచెయ్యి తగిలింది. పిడికిలి కాదు. ఇది మూడోది" అన్నాను.

మూడోది అనే మాట ఆయన అడగలేదు. నేనే కలిపాను. ఆ మాటతోనే పోటీ పోయింది. గెలుపు రద్దు చేశారు.

మద్రాసు కుర్రవాడి గురువు లావుపాటి మనిషి. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "అమ్మా, నీ మాట దేవుడి మాట" అన్నాడు. మా మాస్టారు మాత్రం ఆసుపత్రి గేటు దాకా నాతో నడిచి వచ్చారు. అక్కడ ఆగి, "ఏంది సిస్టరమ్మా, మన బిడ్డ గెలిస్తే మనమే దించేసినామే!" అన్నారు.

"నేను ఉన్నదే చెప్పాను మాస్టారూ."

"ఉన్నదే. ఏప్రిల్లోనే చెప్పి ఉంటే నేను సరిచేసుకునేవాణ్ణి గదా. పుస్తకంలో దాచిపెట్టి ఈరోజు తీసినావు."

నిజం ఎప్పుడు చెప్పాలో కూడా నిజంలో భాగమని ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు. చెప్పినా నేను రాసుకుని ఉండను.

వర్క్‌షాపు పెద్దమనిషి మంచివారే. జనవరిలో నెల్లూరులో మరో పోటీ ఉంది, అక్కడ చూస్తాను, మళ్ళీ చెయ్యి తెరిస్తే మాత్రం ఇక పంపవద్దు అని చెప్పి వెళ్ళారు. అయిదు నెలల గడువు.

మాస్టారు చెయ్యనిది లేదు. వేళ్ళకి గుడ్డ చుట్టి కట్టారు. గుడ్డ జారిపోయింది. గుప్పెట్లో గులకరాయి పెట్టి, పడెయ్యకుండా కొట్టమన్నారు. ప్రతి దెబ్బకీ రాయి ఎగిరి ప్రహరీ అవతల పడేది. మా వార్డు కిటికీ అద్దం ఒకటి అలాగే పగిలింది. సైన్యం పద్ధతి పొట్టి దెబ్బ నేర్పారు. సంచి మీద చక్కగా కొట్టేవాడు. మనిషి ఎదురుగా నిలబడి కాస్త కోపం వచ్చిందా, చెయ్యి మళ్ళీ తుంటి వెనక్కి పోయేది, చివర్లో విచ్చుకునేది.

"కావాలని చేస్తున్నావా ఏంది?" అని మాస్టారు అరిచేవారు.

"లేదు మాస్టారూ. మూసుకునే ఉంటాది. పడేటప్పటికి అదే తెరుసుకుంటాది" అని అతను తన చేతిని అది ఎవరిదో అన్నట్టు చూసుకునేవాడు.

అక్టోబరులో మశూచి టీకాలకి నన్ను సరస్సు పల్లెలకి వేశారు. మూడో రోజు అతని ఊరు. అరుగు మీద పెట్టె తెరిచి కూర్చున్నాను. నలభై ఏళ్ళ మనిషి, మోచేతుల దాకా చేప పొలుసు అంటుకున్న చేతులతో వచ్చి నిలబడింది. జబ్బ చూపించలేదు.

"నువ్వేనా, మా వాణ్ణి దించేసిన రాతల సిస్టరమ్మవి?"

"నేనే అక్కా."

చుట్టూ ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె, "సూది గుచ్చే చెయ్యి గదా, నోరు కూడా గుచ్చుకుంటాది" అంది.

తల్లి నవ్వలేదు. "మా వాడు చెయ్యి తెరిసినాడని రాసినావంట. నాకు తెలవక అడుగుతా. చెయ్యి తెరవకపోతే వల ఎట్లా పడతాది?"

నేను సూది పక్కన పెట్టాను. "ఏం వల?" అన్నాను.

"విసురువల. వాడికి ఏడో ఏట వాళ్ళ నాయన నేర్పించినాడు. చెయ్యి తెరవకపోతే వల ముద్దగా పడతాది, మనిషిని కూడా నీళ్ళలోకి లాక్కుపోతాది. ఆ ఒక్కటీ నేర్పించేదానికి వాళ్ళ నాయన ఎన్ని మొట్టికాయలు వేసినాడో నాకు తెలుసు. మీరేమో తెరవొద్దంటారు."

టీకాలు అయ్యాక ఆమెతోనే నీళ్ళ దగ్గరికి వెళ్ళాను. అతను మోకాటి లోతులో నిలబడి వల విసురుతున్నాడు. నన్ను చూసి తడబడ్డాడు. "నేను లేననుకో, నీ పని చూసుకో" అన్నాను. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పన్నెండు విసుర్లు.

వల అంచు కొంత కుడి చేతిలో, కొంత ఎడమ మోచేతి మీద. అంచుకి కట్టిన సీసపు గుండ్లలో ఒకటి పళ్ళ మధ్య. చెయ్యి తుంటి వెనక్కి పోయింది, నడుం తిరిగింది, పైకి లేచింది, చివర్లో అయిదు వేళ్ళూ విచ్చుకున్నాయి. ఆ క్షణంలోనే నోరు తెరుచుకుని గుండు వదిలింది. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద పడింది.

నోరు! నా రిజిస్టరులో ఏప్రిల్ నుంచి నాలుగుసార్లు అతని పేరు పక్కన 'నాలుక కొరుక్కున్నాడు' అని ఉంది. దెబ్బ వేసే క్షణంలో నోరు తెరిచేవాడికి ఎదురుదెబ్బ తగిలితే నాలుక తెగక ఏమవుతుంది? ఎదుటివాళ్ళ చెవులు ఒక పేజీలో, ఇతని నాలుక ఇంకో పేజీలో. రెండూ నా చేత్తో రాసినవే. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి ఎందుకు అని ఒక్కసారి కూడా నన్ను నేను ప్రశ్నించుకోలేదు. నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన తప్పులు పదకొండు రాసి పెట్టుకున్నాను. ఇది మొదటిది.

పన్నెండు విసుర్లకీ కుడి చెయ్యి పన్నెండుసార్లూ తెరుచుకుంది. అప్పుడు ఎడమ చేతిని చూశాను. వల తాడు ముడి ఆ మణికట్టుకి ఉంది. మిగతా తాడు చుట్టలు గుప్పెట్లో. కుడి చెయ్యి వదిలిన క్షణంలో ఎడమ చెయ్యి కూడా దాని వెనకే తల మీదుగా ముందుకి పోతోంది. కాని ఆ గుప్పెట విచ్చుకోలేదు. ఒక్కసారి కూడా.

"అక్కా, ఆ చెయ్యి ఎప్పుడూ తెరుచుకోదా?" అని అడిగాను.

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "తాడు పట్టిన చెయ్యమ్మా అది. అది తెరుసుకుంటే ఇంక వల యాడిది? ఉన్నది ఒక్క వల."

మర్నాడు సాయంత్రం మాస్టారికి ఆ ఎడమ గుప్పెట సంగతి చెప్పాను. ఆయన మీసం సవరించుకున్నారు. "ఎడంచేత్తో కొట్టేదా? మా రెజిమెంటులో ఎడంచెయ్యి ముందు పెట్టకపోతే వీపు పగలగొట్టేవాళ్ళు."

"మీ రెజిమెంటులో ఎవరైనా వల విసిరేవాళ్ళా?"

"లేరు."

"అయితే వాళ్ళ రూలు ఇతనికి కాదు."

ఆయన రెండు రోజులు పాత పద్ధతే నేర్పారు. మూడో రోజు వెళ్ళేసరికి అతన్ని కుడి కాలు ముందుకి, ఎడమ కాలు వెనక్కి పెట్టించి నిలబెట్టి ఉన్నారు. నన్ను చూసి, "నాకే తట్టింది" అన్నారు. నేను ఒప్పుకున్నాను. ఎవరికి తట్టిందన్నదానికి కూడా నా పుస్తకంలో గడి లేదు.

మొదటి నెలంతా అతని కాళ్ళు అతనికే అడ్డం. దూడ లేచినట్టు లేచేవాడు, పడేవాడు. తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళు. డిసెంబరుకి కాళ్ళు కుదిరాయి. ఎడమ చెయ్యి వెనకనుంచి తల మీదుగా లేచి, ఎదుటివాడి అడ్డం దాటి, మూసుకునే దిగడం మొదలైంది. గులకరాయి పెట్టి చూశారు. ఇరవై దెబ్బలకీ రాయి గుప్పెట్లోనే ఉంది. ఇంకో సంగతి నేను గమనించాను. ఎడమ చెయ్యి లేచినప్పుడు అతను నోరు తెరవడం లేదు. తాడు లాగేటప్పుడు పళ్ళు బిగించే అలవాటు దాంతోపాటే వచ్చింది.

1962 జనవరి మూడో శనివారం, నెల్లూరు. మళ్ళీ అదే మద్రాసు కుర్రవాడు. చెవి మానింది, పగ మానలేదు. జడ్జి కూడా పాతవారే. వర్క్‌షాపు పెద్దమనిషి వచ్చారు. అతని తల్లి కూడా వచ్చింది, కూర్చోమంటే కూర్చోలేదు.

మొదటి రౌండులో మద్రాసువాడు కవ్వించాడు. మనవాడికి కోపం వచ్చింది. కుడి చెయ్యి తుంటి వెనక్కి పోవడం చూసి నేను కళ్ళు మూసుకున్నాను. రక్తానికి మూసుకోని కళ్ళు. అది భుజం మీద పడింది గనక బతికాడు. కాని చెయ్యి తెరిచే ఉంది. రెఫరీ ఆట ఆపి వేలు చూపించారు. "ఇంకొకసారి తెరిస్తే దించేస్తా."

రెండో రౌండంతా అతను చేతులు అడ్డం పెట్టుకుని దెబ్బలు తిన్నాడు. విరామంలో వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. కనుబొమ మీద తెగింది. నేను దూది అద్దుతున్నాను.

"భయమేస్తా ఉందక్కా. చెయ్యి నా మాట వినదు" అన్నాడు.

"ఆ చెయ్యి వినదు. వినేది ఇంకొకటి ఉంది గదా" అన్నాను.

మాస్టారు అతని కుడి మోకాలు మీద తట్టారు. అంతే.

మూడో రౌండుకి కుడి కాలు ముందు పెట్టి నిలబడ్డాడు. జనంలో ఎవరో, "ఒరే, అన్నం కూడా ఆ చేత్తోనే తింటావా?" అని అరిచారు. మద్రాసువాడు నవ్వాడు. నవ్వుతూనే చూపు పొట్ట మీదికి దించి, భుజం వంచాడు. అతని కుడి చెయ్యి పైకి లేచేలోపల మనవాడి ఎడమ చెయ్యి దాని మీదుగా వెళ్ళి దిగింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. అరచెయ్యి అయితే చప్పట్లాంటి శబ్దం వస్తుంది. మద్రాసువాడు ఒక మోకాలి మీద కూర్చుండిపోయాడు. పది లెక్కపెట్టినా లేవలేదు.

వాళ్ళ గురువు తాళ్ళ మీదుగా దూకినంత పని చేశాడు. "అరచెయ్యి! మళ్ళీ అరచెయ్యే! వీడికి అలవాటే!" రెఫరీ వెనక వైపు ఉన్నారు, ఆయనకి కనపడలేదు. జడ్జి నన్ను పిలిచారు.

టార్చిలైటు, గరాటు. ముందు ఎడమ చెవి చూశాను, పాత చిల్లి పూడింది. కుడి చెవి చూశాను, కర్ణభేరి అద్దంలా ఉంది. చెంప మీద గీత లేదు. కుడి చెంప ఎముక మీద గుండ్రటి కముకు దెబ్బ, స్కేలు పెట్టి కొలిచాను, అంగుళమున్నర. జనం అరుస్తున్నారు. తొందరపడలేదు. అబద్ధం చెప్పేదాన్నే అయితే ఆగస్టులోనే చెప్పి ఉండేదాన్ని. తరవాత మనవాడి దగ్గరికి వెళ్ళి నాలుక చాపమన్నాను. నాలుక మీద కొత్త గాటు లేదు.

"మూసిన పిడికిలి" అని జడ్జికి చెప్పాను.

"ఈమె వాళ్ళ మనిషి!" అన్నాడు గురువు.

జడ్జి కళ్ళజోడు తీశారు. "ఆగస్టులో ఆ పులికాటు కుర్రవాణ్ణి దించింది ఈమే. ఆరోజు నువ్వేమన్నావు? దేవుడి మాట అన్నావా లేదా? దేవుడు అయిదు నెలల్లో మాట మార్చడు."

గురువు నా వైపు చూశాడు. తన కుర్రవాడి భుజానికి తువాలు కప్పాడు. "సరేలేమ్మా" అన్నాడు. పెద్దమనిషి తరహా ఉన్నవాడే.

ఆగస్టులో నేను మనవాడి కోసం ఒక్క అబద్ధం ఆడి ఉంటే జనవరిలో నా నిజానికి విలువ ఉండేది కాదు. ఇది గొప్పకి చెప్పడం లేదు. ఆగస్టులో నేను చెప్పింది నిజమే గాని సగమే. మిగతా సగం కోసం మోకాటి లోతు నీళ్ళ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు నర్సింగు చదివే పిల్లలారా, రాసింది సరిగ్గా ఉంటే పని అయిపోయిందనుకోకండి. రెండు పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. అర్థం కాకపోతే అమ్మల్ని అడగండి.

ఫిబ్రవరిలో అతను మద్రాసు వెళ్ళి పనిలో చేరాడు. ఇద్దరు తమ్ముళ్ళూ మా హైస్కూల్లో చేరారు. వల మాత్రం వాళ్ళమ్మ ఎవరికీ ఇవ్వలేదు. ఆదివారాలు తనే విసిరేదట.

నెల్లూరు పోటీ రోజు సాయంత్రం బస్సులో మాస్టారు నా పుస్తకం తీసుకుని ఆ పేజీ చూశారు. కుడి చెంప ఎముక, అంగుళమున్నర, తడిగుడ్డ. "ఇదేనా? గెలిచినాడని రాయవా?" అన్నారు.

"దానికి గడి లేదు మాస్టారూ."

ఆయన తల తిప్పుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. వెనక సీట్లో తల్లీ కొడుకూ నిద్రపోతున్నారు. అతని ఎడమ చెయ్యి గుప్పెట మూసుకునే ఉంది. నేను పెన్ను లోపల పెట్టేసి, సంచిలోంచి పెన్సిలు తీశాను.

ఆ పుస్తకంలో సిరా రాతలన్నీ వెలిసిపోయాయి. మార్జిన్‌లో పెన్సిలుతో రాసిన ఆ ఒక్క మాట మాత్రం ఇప్పటికీ కళ్ళజోడు లేకుండా చదవగలను.